తమ్ముడి బ్యాగులో దొరికిన సీసా

ప్రశ్న: సార్, నమస్కారం. మాది తిరుపతి. నాయన హోటల్లో వంటమాస్టరు. నేను బట్టల షాపులో పని చేస్తా ఉండాను. మా తమ్ముడికి 19 ఏళ్లు. కబడ్డీలో జిల్లాకు ఆడినాడు. రాష్ట్ర జట్టుకు సెలెక్షన్స్ దగ్గర పడినాయి. అక్కడ బాగా ఆడితే ప్రో కబడ్డీ వాళ్ల కంట్లో పడొచ్చని, లేదంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమైనా వస్తుందని వాడి ఆశ. పోయిన నెల వాడి కిట్ బ్యాగు ఉతకడానికి తీస్తే అడుగున ఒక చిన్న గాజు సీసా, సిరంజీలు, రెండు రకాల మాత్రలు దొరికినాయి. అడిగితే "విటమిన్ ఇంజెక్షన్, జిమ్‌లో అన్న ఇచ్చినాడు, అందరూ వేసుకుంటా ఉండారు" అన్నాడు. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగినాడు. వీపు నిండా మొటిమలు. చిన్నదానికే అరుస్తాడు. మొన్న తలుపును గుద్ది చెయ్యి వాపు తెచ్చుకున్నాడు. ఈ మధ్య ఇంట్లో చొక్కా లేకుండా తిరగడం కూడా మానేసినాడు. నాయనకు చెప్తే కొడతాడు. కోచ్‌కు చెప్తే టీములోంచి తీసేస్తారేమో. ఆపమంటే వాడి బతుకు నేనే చెడగొట్టినదాన్ని అవుతానేమో. అందరూ వేసుకునేటప్పుడు వీడొక్కడు మానేస్తే ఏం లాభం సార్?
— ఒక అక్క, తిరుపతి

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే ముక్క దగ్గర ఆగాను. చొక్కా లేకుండా తిరగడం మానేసినాడని రాశావే, అక్కడ. ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు జిల్లా హైస్కూళ్లలో పీఈటీగా చేశాను. కండ పెరిగిన కుర్రాడు ఎట్లుంటాడో నాకు తెలుసు. సాకు దొరికితే చాలు బనియను విప్పుతాడు, బోరు దగ్గర, గ్రౌండులో, అద్దం ముందర. తొమ్మిది కిలోలు పెరిగినవాడు ఒళ్లు దాచుకుంటున్నాడంటే అక్కడ ఎవరికీ చూపించుకోలేనిది ఏదో వచ్చి ఉండాలి. వీపు మీది మొటిమలే కావచ్చు. చనుమొనల కింద గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పుట్టే వాపు కూడా కావచ్చు. బయటి నుంచి ఎక్కించిన మగ హార్మోనులో కొంత భాగాన్ని మన ఒళ్లు ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. అట్లా వచ్చే వాపు అది. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఇంట్లో ఎవరితో చెప్పుకుంటాడు? సీసా ఇచ్చిన అన్ననే అడుగుతాడు. అతను దానికి విరుగుడని ఇంకో మాత్ర ఇస్తాడు. ఇట్లాంటి వాపుకు జిమ్ముల్లో ఇచ్చే ఆ విరుగుడు మాత్రలు కూడా ఆటగాళ్లకు నిషేధమే. నీకు దొరికిన రెండు రకాల మాత్రల్లో ఒకటి అదేనేమోనని నా అనుమానం.

అందుకే వాడి అరుపుల్లో మందు తెచ్చిన కోపం కొంత ఉంటే, భయం కొంత ఉందని నేననుకుంటున్నాను. నువ్వు మాట మొదలుపెట్టేటప్పుడు ఆ భయం వైపు నుంచి మొదలుపెట్టు. "ఎందుకు వేసుకున్నావు" అని అడక్కు. "ఎక్కడైనా నొప్పిగా ఉందా రా" అని అడుగు.

ఇక ఆ సీసా సంగతి. లేబుల్ ఉంటే పైన పెద్దగా ఉండే కంపెనీ పేరును వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదువు. ఫోటో తీసి పెట్టుకో. నాండ్రోలోన్, టెస్టోస్టిరాన్, మాత్రలైతే స్టానోజోలాల్, మెథాండియెనోన్, వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడే, అంటే కండ పెంచే మగ హార్మోను రకం మందే. నాండ్రోలోన్‌ను ఎముకలు గుల్లబారిన వాళ్లకు, జబ్బుతో ఒళ్లు క్షీణించిన వాళ్లకు డాక్టర్లు రాస్తారు. లేబుల్ చింపేసి ఉంటే సీసాను వెలుతురులో పెట్టి ఒకవైపుకు వంచి చూడు. విటమిన్ ఇంజెక్షన్లు చాలావరకు నీళ్లలా గబుక్కున కదులుతాయి, బీ12 అయితే ఎర్రగా ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చాలావరకు నూనెలో కలిపి వస్తాయి. గాజును పట్టుకుని మెల్లగా జారుతుంది. కొన్నింటిలో కలిపేది మన వైపు పండే వేరుశెనగ నూనే. ఆ నూనె కండలో నిలవ ఉండి మందును కొద్దికొద్దిగా వదులుతుంది. నాండ్రోలోన్ వేసుకున్న నెలల తర్వాత కూడా మూత్ర పరీక్షలో పట్టుబడేది అందుకే.

నీళ్లలా ఉందని మాత్రం నిశ్చింత పడవద్దు. మెఫెంటర్మిన్ అని ఒక ఇంజెక్షన్ ఉంది. ఆపరేషన్‌కు నడుములో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే పైకి ఎత్తడానికి వాడతారు. ఆపరేషన్ థియేటర్లో ఉండాల్సిన ఆ మందు ఇప్పుడు జిమ్ముల్లో తిరుగుతోంది. వేసుకున్న కాసేపు గుండె దడదడ కొట్టుకుంటుంది, అలుపు తెలియదు, ఇంకో నాలుగు సెట్లు కొట్టగలుగుతాడు. ఆ దడే బలమనుకుంటాడు. పోటీ రోజున ఒంట్లో దొరికితే అదీ డోపింగే, అంటే ఆటలో నిషేధించిన మందు వాడినట్టే.

నువ్వడిగిన ప్రశ్నల్లో పెద్దది చివరిది, అందరూ వేసుకుంటున్నారు కదా అన్నది. 2023లో మన నాడా, అంటే జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ, 5,606 నమూనాలు పరీక్షిస్తే 214లో నిషేధిత మందు జాడ దొరికింది. నూటికి నాలుగు కూడా లేవు. పరీక్షకు చిక్కనివాళ్లు ఉంటారు, కాదనను. అయినా "అందరూ" అన్నది అమ్ముకునేవాడి మాట. అయిదు వేలకు పైగా పరీక్షలు చేసే దేశాల్లో ఆ ఏడాది మనదే అన్నిటికంటే ఎక్కువ శాతం. ఆటలు నేర్పినవాడిగా ఆ లెక్క చూసి నాకు అన్నం సయించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలిసి, మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడంటే ఒక్కడే పరిగెత్తాడు. మిగతావాళ్లు మాయం. స్టేడియం మరుగుదొడ్లలో సిరంజీలు దొరికాయి. రాష్ట్ర పోటీలకు ఎవరొస్తారులే అని మీ తమ్ముడికి ఆ అన్న చెప్పి ఉంటే ఈ సంగతి వాడికి చెప్పు.

ఆ అన్న గురించి నేను నీతో కాస్త ఎక్కువగా మాట్లాడాలి. ఈ డోపింగ్ చరిత్రంతా తిరగేస్తే నాకు కనిపించేది ఒకటే, ఇచ్చినవాడు గట్టున ఉంటాడు, పుచ్చుకున్నవాడు మునుగుతాడు.

1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్. మారథాన్‌లో థామస్ హిక్స్ అనే ఆయన అలిసిపోయి ఆగిపోబోతుంటే, పక్కనే వస్తున్న అతని మనుషులు గుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ కలిపి తాగించారు, తర్వాత బ్రాందీ కూడా. స్ట్రిక్నిన్ అంటే మన అడవుల్లో కాసే ముష్టి గింజల్లోని విషం. అప్పట్లో దానికి నిషేధం లేదు. చివర్లో వాళ్లే రెండు వైపులా పట్టుకుని గీత దాటించారు. బంగారు పతకం వచ్చింది, ప్రాణం మాత్రం త్రుటిలో దక్కింది. తాగించినవాళ్లకు చెమట కూడా పట్టి ఉండదు.

తూర్పు జర్మనీలో అయితే ప్రభుత్వమే ఆ పని చేసింది. చిన్న చిన్న ఆడపిల్లలకు నీలం రంగు మాత్రలిచ్చి విటమిన్లని చెప్పారు. చూడు, అదే మాట, విటమిన్లు. వేల మంది క్రీడాకారులు వాటిని మింగారు. గొంతులు మారిపోయాయి, కాలేయాలు చెడ్డాయి, పిల్లలు పుట్టే దారి మూసుకుపోయినవాళ్లున్నారు. 2000లో బెర్లిన్ కోర్టు ఆ పథకం పెద్దలిద్దరిని దోషులని తేల్చింది. ఒకరికి 22 నెలలు, ఒకరికి 18 నెలలు శిక్ష వేసి, దాన్ని నిలిపి ఉంచింది. ఇద్దరిలో ఎవరూ ఆ శిక్షకు జైలు మెట్లెక్కలేదు.

అదే 2000లో సిడ్నీలో రొమేనియా పిల్ల ఆండ్రియా రదుకాన్, పదహారేళ్లది, జిమ్నాస్టిక్స్‌లో బంగారం గెలిచింది. జలుబు చేసిందని జట్టు డాక్టరు మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫెడ్రిన్ ఉంది. దాని వల్ల ఆ పిల్లకు ఆటలో లాభమేమీ కలగలేదని ఒలింపిక్ పెద్దలే ఒప్పుకున్నారు. పతకం మాత్రం తీసేసుకున్నారు. మన దగ్గర 2011లో మహిళల 4x400 రిలే అమ్మాయిలు, అంతకు ముందు ఏడాదే కామన్వెల్త్‌లోనూ ఆసియా క్రీడల్లోనూ బంగారాలు తెచ్చిన జట్టులోని వాళ్లు, స్టెరాయిడ్లతో పట్టుబడ్డారు. కోచ్ తెచ్చిన జిన్సెంగ్ బిళ్లల్లో అది కలిసి ఉందని వాదించారు. కోచ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. అమ్మాయిలకు మొదట ఏడాది నిషేధం, అప్పీలు తర్వాత రెండేళ్లు. లండన్ ఒలింపిక్స్ వాళ్లకు లేకుండా పోయాయి. ఒంట్లో ఏది దొరికినా జవాబుదారీ ఆటగాడిదే, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తర్వాతి మాట. నిబంధనల పునాదే అది. దగ్గు మందులోని టెర్బ్యుటలిన్ వల్ల క్రికెటర్ పృథ్వీ షా 2019లో ఎనిమిది నెలలు ఆటకు దూరమయ్యాడు.

పేపర్లో చదివిన కథలు కాకుండా నేను కళ్లారా చూసినదొకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. పలమనేరు వైపు పల్లె నుంచి ఒక కూతగాడు ఉండేవాడు. గీత మీద కాలు ఆడిస్తే ఎదుటి జట్టు మొత్తం అటే కదిలేది. పోటీ రోజు పొద్దున తూకంలో అరకిలో ఎక్కువ తూగాడు. మధ్యాహ్నం మళ్లీ తూకానికి గడువిచ్చారు. సీనియర్ ఒకడు వాడికి నీళ్ల మాత్రలిచ్చాడు, బీపీ వాళ్లు, గుండెజబ్బు వాళ్లు మూత్రం బాగా పోవడానికి వాడేవి. ఖాళీ అట్ట వాడి బూటు పక్కన పడి ఉండటం నేను చూశాను. చూసి కాలితో పక్కకు నెట్టాను. మాకు ఆరోజు ఏడో ఆటగాడు వాడే, వాడు లేకపోతే జట్టే దిగదు.

తూకం సరిపోయింది. రెండో సగంలో కూతకు వెళ్లినవాడు నడి గీత దగ్గరికి వచ్చి కుప్పకూలాడు. ఎవరూ పట్టలేదు. పిక్కలు రాయిలా గడ్డకట్టాయి, వేళ్లు వంకర్లు పోయాయి. చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత అట్లాగే నిలబడింది. నాలుక తెల్లగా, ఎండిన ఆకులా. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, ఒంట్లో పొటాషియం పడిపోయింది, గుండె లయ తప్పుతోంది అన్నారు. రాత్రంతా ఆ మంచం పక్కన కూర్చున్నాను. బతికాడు. మళ్లీ కోర్టులోకి దిగలేదు. ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు, కనిపిస్తే "బాగుండారా సార్" అని ఆప్యాయంగా పలకరిస్తాడు. మాత్రలిచ్చిన సీనియర్‌కు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఆ అట్టను కాలితో నెట్టింది నేను. నీళ్ల మాత్రలు కూడా నిషేధిత జాబితాలో ఉన్నాయి, ఎందుకంటే బరువు దించడమే కాక వేరే మందుల జాడను మూత్రంలో పలచన చేస్తాయి. అది అప్పుడు నాకు తెలియకపోయినా, చేస్తున్నది తప్పని తెలుసు. నీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

అందుకే నా మొదటి మాట, నీకూ వాడికీ కష్టం కలిగించేదే. ఈ ఏడాది సెలెక్షన్స్‌కు మీ తమ్ముడు వెళ్లకూడదు. ఇవాళ ఆపినా మందు నెలల పాటు ఒంట్లో ఉండవచ్చు. పరీక్ష జరిగే తీరు వాడికి చెప్పు. మ్యాచ్ అయిపోయి చెమట తుడుచుకుంటుండగా ఒకరు వచ్చి పేరు అడిగి, సంతకం పెట్టించుకుని, అప్పటి నుంచి వెంటే ఉంటారు. గదిలో సీలు వేసిన గిన్నెల్లో ఒకటి ఏరుకోమంటారు. చొక్కా ఛాతీ దాకా ఎత్తి, నిక్కరు మోకాళ్ల దాకా దించి, అధికారి చూస్తుండగా కనీసం 90 మిల్లీలీటర్లు పోయాలి. దాన్ని ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి, మూత బిగించి, అంకె వేసి ల్యాబుకు పంపుతారు. గత ఏడు రోజుల్లో వాడిన మందులన్నీ ఫారంలో రాయించుకుంటారు. ఇవ్వను పొమ్మంటే అదీ నేరమే. స్టెరాయిడ్ దొరికితే మామూలుగా నాలుగేళ్ల నిషేధం. 19 నుంచి 23, కబడ్డీవాడికి అంతకంటే విలువైన ఏళ్లు ఏవి? ఒక్క ఏడాది ఆగితే ఇరవై ఏళ్లకు శుభ్రంగా మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఇంకో మాట. ఆ జట్టులో పన్నెండో పేరు దగ్గర ఆగిపోయి, పదమూడో పేరుగా ఇంటికి పోయే పిల్లాడొకడు ఉంటాడు. సంగటి తిని పొద్దున్నే లేచి ఏ మందూ లేకుండా సాధన చేసినవాడు. వాడికీ ఒక అక్క ఉండి ఉండొచ్చు.

రెండో పని, డాక్టరు. జిమ్ పక్కన మందుల షాపులో అడగవద్దు. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో హార్మోన్ల విభాగం ఉంది, లేదంటే రుయా ఆసుపత్రికి వెళ్లండి. సీసా, మాత్రలు వెంట తీసుకెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. డాక్టరు పోలీసు కాదు, భయపడనక్కర్లేదు. బీపీ, ఈసీజీ, కాలేయం, కొలెస్ట్రాల్, టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయమని అడగండి. ఒకే సీసాలోంచి నలుగురు తీసుకున్నారా, సూది పంచుకున్నారా అన్నది వాడిని మెల్లగా అడుగు. పంచుకుని ఉంటే హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి. ఛాతీ వాపును దాచకుండా చూపించమను. తొందరగా చూపిస్తే మందులతో తగ్గే అవకాశం ఉంది, ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది.

మూడోది నువ్వు బాగా గుర్తు పెట్టుకోవాల్సింది. బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీ ఆపేస్తుంది. మందు మానగానే అది వెంటనే మొదలుకాదు. ఆ మధ్య కాలంలో కండ తగ్గుతుంది, నిద్ర పట్టదు, దేని మీదా మనసు నిలవదు, కొందరికి చచ్చిపోదామన్నంత దిగులు కమ్ముతుంది. అందుకే డాక్టరు చెప్పినట్టే మానాలి, సొంతంగా కాదు. ఆ రెండు మూడు నెలలు వాణ్ణి ఒంటరిగా వదలవద్దు. అట్లాంటి మాటలు వాడి నోట వింటే రాత్రని చూడకుండా మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

నాయనకు చెప్పాలి. కానీ డాక్టరును కలిసి వచ్చిన తర్వాత, రిపోర్టులు చేతిలో పెట్టుకుని, వాడి చేతే చెప్పించు, నువ్వు పక్కన కూర్చో. పొయ్యి దగ్గర నిలబడి పిల్లల్ని పెంచిన మనిషికి కొడుకు ఒంటి మీద దెబ్బ కంటే కొడుకు ఒంట్లో దెబ్బ పెద్దదని అర్థమవుతుంది. కోచ్ మంచివాడైతే ఆయనకూ నిజమే చెప్పండి. ఆయనకు తెలిసే ఇది జరిగిందని తేలితే వేరే సంగతి. మందు ఇచ్చిన, ఎక్కించిన కోచ్‌కు నాలుగేళ్ల నుంచి జీవితకాలం దాకా నిషేధం ఉంటుంది. ఎవరిచ్చారో నాడాకు చెప్పే దారి ఉంది, పేరు బయటికి రాకుండా కూడా చెప్పవచ్చు. పట్టుబడకముందే ఆటగాడు తనంతట తాను ఒప్పుకుంటే శిక్ష తగ్గించే వీలు కూడా నిబంధనల్లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా ఈ ఇంజెక్షన్లు అమ్మడం చట్టరీత్యా నేరం, దానికి జిల్లాలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. కానీ ఈ పనులన్నీ మీ తమ్ముడు కోలుకున్నాక, వాడి ఇష్టంతో. నువ్వొక్కదానివే ఆ జిమ్‌కు వెళ్లి గొడవ పడవద్దు.

తిండి గురించి నువ్వడగలేదు కానీ వాడు అడుగుతాడు, "మరి కండ ఎట్లా వస్తుంది" అని. గుడ్లు, పప్పు, ఉలవ గుగ్గిళ్లు, చెనిక్కాయలు, పాలు, కుదిరినప్పుడు చికెన్, ఎనిమిది గంటల నిద్ర. కండ నెమ్మదిగానే వస్తుంది, నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు రాదు. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి ఈ ఏడాది పోనేవద్దు, లేబుల్ మీద లేనివి కూడా లోపల దొరుకుతున్నాయి. ఇక మీదట జ్వరానికైనా దగ్గుకైనా మాత్ర వేసుకునే ముందు నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో ఆ మందు పేరు కొట్టి చూడటం అలవాటు చేసుకోమను. నువ్వే ఫోన్లో వేసి ఇవ్వు.

వాడు కొన్నాళ్లు నీతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోయినా డాక్టరు దగ్గరికి నీ వెనకాల బండి ఎక్కితే చాలు. ఎక్కనంటే, మొదటి ప్రయత్నంలో ఎక్కకపోవచ్చు కూడా, వారం ఆగి మళ్లీ అడుగు. మధ్యలో ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు పసుపెక్కడం, ఇంజెక్షన్ వేసిన చోట ఎర్రగా వాచి జ్వరం, వీటిలో ఏది కనిపించినా వాడి ఇష్టం అడగకుండా ఆసుపత్రికి తీసుకుపో.

ఆ సీసాను పారేయలేదు కదా? పారేయవద్దు, డాక్టరు చూడాలి. పరీక్షల్లో ఏమొచ్చిందో నాకు మళ్లీ ఉత్తరం రాయి. వాడి పేరు రాయనక్కర్లేదు.